ముడి

నా పని ముడి వెయ్యడం.
ముడిరాయి నింపిన సంచి మూతికి
ప్లాస్టిక్ పట్టీ చుట్టి, చివర దూర్చి, లాగితే
టిక్కుమంటుంది.
ఒకసారి పడిందంటే కోస్తే తప్ప రాదు.
నెల జీతం, ఒక రెయిన్‌కోటు కంపెనీవి.
పెన్ను మాత్రం నాదే.

కిగొంబే గుట్ట మీద తెల్లారితే
ముందు బురద లేస్తుంది, దాని వెనక మనుషులు.
గోళ్ళ సందుల్లో నల్ల ఇసుక. కోల్టాన్.
"ఇది ఫోన్లలోకి పోతుందట" అంటాడు బిరిండ్వా.
వాడి ఫోనుకి వెనక మూత లేదు,
బ్యాటరీ ఊడకుండా రబ్బరు బ్యాండు.

తూకం నాదే, రాత నాదే.
ఏ గుంట, ఏ రోజు, ఎన్ని కిలోలు, ఎవరు.
చివరి గడి మరీ ఇరుకు.
న్సిమిరె చిరుజా అని రాస్తే పక్క గడిలోకి కాళ్ళు చాపుతుంది,
అందుకని "న్సి." అని ఆపేస్తాను.
పట్టీ మీద అంకెకి మాత్రం
కావలసినంత చోటు.

పట్టీలు రాకముందు ఒక ఏడు
దూరదేశాల వాళ్ళు మా రాయి కొనడమే మానేశారు.
మాకు నెత్తురు గిట్టదన్నారు, చేతులు దులుపుకున్నారు.
ఆ దుమ్మంతా మా మీద పడింది.
ఆ ఏడు న్సిమిరె పెద్దకొడుకు
జ్వరానికి మందు లేక పోయాడు.
తుపాకులు మాత్రం పోలేదు,
కొండ అవతలికి జరిగాయి, అంతే.

మొన్న వానల్లో బుకావు దారిలో వంతెన కొట్టుకుపోయింది.
న్సిమిరె సంచి దించింది. వీపున పిల్ల నిద్రలో ఉంది.
"పట్టీలు అయిపోయాయమ్మా" అన్నాను.
"గుంట నిన్నటిదే, రాయి నిన్నటిదే,
నేనూ నిన్నటిదాన్నే కదయ్యా."
"పట్టీ లేకపోతే దాన్ని నెత్తుటి రాయంటారు."
సంచిలో చెయ్యి పెట్టి తీసి
వెలుగులోకి తిప్పి చూసుకుంది.
"ఎర్రగా లేదే" అంది.
వెటకారం కాదు. నిజంగానే చూసింది.

పట్టీలు అయిపోలేదు.
నాలుగున్నాయి.
నా ఎడమ బూటులో, మేజోడుకీ మడమకీ మధ్య.

రాత్రి లైటు ఆర్పుకుని మోటారు సైకిలొచ్చింది.
కొండ అవతలి సంచులు నాలుగు.
అక్కడ తవ్వినవాడు మూడు పారల్లో ఒక పార
తుపాకీకి ఇచ్చుకోవాలి.
అతను మాట్లాడలేదు, నేనూ అడగలేదు.
పట్టీకి ఇరవై డాలర్లు.
టిక్కు. టిక్కు. టిక్కు.
నాలుగోది వెంటనే పడలేదు,
వేళ్ళు తడిగా ఉన్నాయి.
వాన అనుకున్నాను.

నెల తర్వాత తనిఖీకి మదాం కపింగా వచ్చింది.
ఇంతకు ముందు వచ్చినవాళ్ళు
గొడుగు కింద నిలబడి, పట్టీలు లెక్కబెట్టి,
ఫొటో తీసుకుని వెళ్ళేవాళ్ళు.
ఈమె బురదలో గొంతుకూర్చుని పుస్తకం తెరిచింది.
అంకెలున్న వైపు చూడలేదు.
ఇరుకు గడి మీద వేలు పెట్టింది.

"ఈ న్సి. ఎవరు?"

తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.
ఏటి ఒడ్డున ఇసుక కడుగుతున్న మనిషిని చూపించాను.
పేరంతా చెప్పాను. ఆమె పేరంతా రాసింది,
గడి దాటి, గీత దాటి, అంచు దాకా.
వెళ్ళి అడిగింది కూడా:
కిలోకి ఎంత చేతికొస్తోంది, ఎవరు కోసుకుంటున్నారు,
తూకంలో తడి పేరు చెప్పి ఎంత పోతోంది.
న్సిమిరె నావైపు చూడకుండా చెప్పింది.

మదాం తిరిగొచ్చి ఇంకో పేజీ తిప్పింది.
వంతెన పోయిన రోజు.
నాలుగు సంచులు, నాలుగు అంకెలు.
ఇరుకు గడి ఖాళీ.

"ఇక్కడ ఎవరు, మొస్యూ ముగరుకా?"

ఏటి దగ్గర న్సిమిరె పళ్ళెం తిప్పడం ఆపింది.
బూటులో మడమ దురద పెట్టింది.
తొమ్మిదేళ్ళుగా సంచుల మూతులు బిగించినవాణ్ణి,
నా నోటికి ఎవరు కట్టారో,
కోస్తే తప్ప రాదు.

ఆమె పెన్ను నా చేతికిచ్చింది.